వంద మీటర్ల దూరంలో రెండు ఇళ్లు

2022 ఏప్రిల్ 4న ముదినేపల్లి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి మండలాలూ దాంతోపాటే వెళ్లాయి. ఆ రోజు ఈ నాలుగు మండలాల్లో ఎవరి వంటింట్లోనూ ఏమీ మారలేదు. పొయ్యి మీద ఎసరు అంతే, అప్పుల పద్దు అంతే, కాలువలో నీళ్లూ అంతే. కాని రెండు జిల్లాల తలసరి లెక్కలు మాత్రం మారిపోయాయి. చేపల చెరువుల రాబడిని ఒక జిల్లా పద్దులోంచి తీసి ఇంకో జిల్లా పద్దులో రాసుకున్నారు. ఒక ప్రాంతం ముందుకెళ్లిందా వెనకబడిందా అని చెప్పడానికి మనం ఎక్కువగా పట్టుకునేది ఈ సగటునే. జిల్లా గీత జరిగితే మారిపోయే అంకె, ఆ గీత లోపల బతికే మనిషి గురించి ఎంత చెప్పగలదు?

గ్రామీణాభివృద్ధి మీద పరిశోధన చేసేవాళ్లను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఇది. ఆదాయం ఒక్కటే చూస్తే చాలదని 1990లో పాకిస్థాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక మొదలైంది. ఆయుష్షు, చదువు కూడా లెక్కలోకి వచ్చాయి. దాని వెనక అమర్త్య సేన్ ఆలోచన ఉంది. మనిషి చేతిలో ఎంత ఉందో చూసి ఊరుకోకుండా, ఉన్నదానితో ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడో చూడమన్నాడాయన. తర్వాత వచ్చిన బహుముఖ పేదరిక సూచీ ఇంకో అడుగు ముందుకు వేసింది. మన దేశంలో నీతి ఆయోగ్ దాన్ని 12 అంశాలతో కడుతుంది. పోషకాహారం, శిశు మరణాలు, తల్లి ఆరోగ్యం, పిల్లల బడి, ఇంట్లో వాళ్లు చదివిన ఏళ్లు, వంట చెరకు, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాన్లు, బ్యాంకు ఖాతా. వీటన్నిటికీ ఒక్కో బరువు ఉంటుంది. మొత్తం బరువులో మూడో వంతు మేర కొరత ఉన్న కుటుంబాన్ని పేద కుటుంబంగా లెక్కిస్తారు.

ఈ కొలత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పేదల వాటా 2015–16లో నూటికి 11.77. 2019–21 నాటికి 6.06. నాలుగైదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. చిన్న విషయం కాదిది, మనస్ఫూర్తిగా సంతోషించాలి. గ్యాస్ పొయ్యి వచ్చిన ఇంట్లో ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పింది, మరుగుదొడ్డి వచ్చాక చీకటి పడేదాకా ఆగే బాధ తప్పింది.

అయితే ఈ సూచీని ఏ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల నుంచి కట్టారో, అవే సర్వేల్లో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు 2015–16లో నూటికి 60. 2019–21లో 58.8. అంటే దాదాపు కదల్లేదు. అదే కాలం, అదే రాష్ట్రం. ఇంట్లో సామాను పెరిగింది, ఇంటి ఇల్లాలి ఒంట్లో నెత్తురు పెరగలేదు. పేదరిక సూచీ పోషణను చూడకపోలేదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా, పిల్లల ఎదుగుదల ఎలా ఉంది అని చూస్తుంది. నెత్తురు పరీక్ష దాని లెక్కలోకి రాదు. పోతే ఆ 12 అంశాల్లో భూమి ఎవరిది అన్న ప్రశ్న లేదు. అప్పు ఎంత, ఏ వడ్డీకి అన్నది లేదు. ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికింది అన్నదీ లేదు. డెల్టా పల్లెలో మనిషి బతుకును నిలబెట్టేవీ పడగొట్టేవీ సరిగ్గా ఇవే.

వాటిని పట్టుకోవాలంటే ఊళ్లో కూర్చుని ఇంటింటికీ తిరగాలి. మన డెల్టాలో ఆ పని కొత్తగా మొదలైందేమీ కాదు.

1832–33 డొక్కల కరువు తర్వాత, ఆర్థర్ కాటన్ సిఫారసులతో, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. నేడు డెల్టా ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు. నీళ్లు రావడంతో జొన్న, మెట్ట పంటల నేల వరి మాగాణి అయింది, మిగులు ధాన్యం బజారుకు వెళ్లింది, ఆ డబ్బు చదువుల్లోకి, మిల్లుల్లోకి, సినిమాల్లోకి ప్రవహించింది. ఈ కథ అందరికీ తెలిసిందే. ఆ మిగులు ఏయే ఇళ్లలో ఆగింది, ఏయే ఇళ్లను దాటుకుని పోయింది అని అడిగినవాళ్లు తక్కువ. నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువుకొచ్చిన ఎన్.జి. రంగా ఆ తొలి కొద్దిమందిలో ఒకరు. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన పుస్తకం 1926లో ఇంగ్లీషులో వచ్చింది. రైతు ఇంటి ఖర్చు, పాలేరు జీతం, వడ్డీ, కుల వృత్తుల రాబడి, ఇవన్నీ ఊరి స్థాయిలో రాసిపెట్టిన తొలి పుస్తకాల్లో అదొకటి.

1974లో పుచ్చలపల్లి సుందరయ్య గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ గ్రామాల్లో భూమి ఎవరి చేతిలో ఎంత ఉందో ఇంటింటి లెక్క తీయించారు. కొల్లూరు మండలంలోని అనంతవరానికి 2005–06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ పరిశోధకులు మళ్లీ వెళ్లారు. అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లెతో కలిపి వాళ్లు చేసిన సర్వే 2010లో పుస్తకంగా వచ్చింది. వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ దాని సంపాదకులు.

ఒకసారి చూసిన ఊరికి ముప్పై ఏళ్లకు మళ్లీ ఎందుకు వెళ్లాలి? ఒక్కసారి తీసిన లెక్కలో ఊరు ఎలా ఉందో తెలుస్తుంది. ఎటు పోతోందో తెలియదు. అనంతవరంలో కౌలు సాగు ఎలా విస్తరించిందో, సొంతంగా సెంటు భూమి లేని కుటుంబాలు కౌలు రైతులుగా ఎలా మారాయో ఈ రెండో ప్రయాణం వల్లే తేటపడింది. అక్కడ పొలం దున్నేది ఒకరు, పట్టా ఉన్నది ఇంకొకరికి. మన తూర్పు డెల్టాలోనూ, ముదినేపల్లి చుట్టుపక్కలా ఏ ఊళ్లో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లెను 1975 నుంచి గమనిస్తూ వచ్చారు. 'యంగ్ లైవ్స్' అనే పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి వెంబడించింది. పశ్చిమ గోదావరి కూడా అందులో ఉంది. ఓపికగా ఒకేచోట నిలబడి చూసే ఇలాంటి పనికి నా దృష్టిలో వంద నమూనా సర్వేలు సాటిరావు.

ఆ ఓపిక ఎందుకు కావాలో ఒక్క ప్రశ్న దగ్గర చూద్దాం. సర్వేకు వచ్చిన కుర్రాడు ఒక ఇంటి అరుగు దగ్గర ఆగి, "మీకు పొలం ఉందామ్మా?" అని అడిగాడనుకోండి. "లేదు బాబూ" అంటుంది ఆమె. కాగితంలో 'వ్యవసాయ కూలీ' అన్న గడిలో టిక్కు పడుతుంది. అతను పక్కింటికి వెళ్లిపోతాడు. అదే కాస్త నెమ్మదిగా కూర్చుని, "ఈ సార్వాలో ఎక్కడ ఊడ్చారమ్మా?" అని అడిగితే జవాబు వేరే వస్తుంది. "కాలవవతల మూడెకరాలండీ, మక్తాకి." మక్తా అంటే పంట పండినా పండకపోయినా ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్న కౌలు. కాగితం ఉండదు, నోటి మాటే. యజమాని హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. కౌలు సంగతి రాతలోకి వస్తే భూమి మీద హక్కు పుట్టుకొస్తుందేమోనని ఆయన భయం. ఆయన భయపడితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి పోతుందని ఈమె భయం. రెండు భయాల మధ్య నిజం రాతలోకి రాదు. మొదటి ప్రశ్నతో ఆగిపోయిన సర్వేలో ఈ కుటుంబం కూలీ కుటుంబమే. పంట రుణం లెక్కలోనూ లేదు, పంట నష్టం లెక్కలోనూ లేదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో దివిసీమ మీద జరిగిన ఒక పరిశోధన చూపించింది. తెలుగు పల్లె బతుకు మీద వచ్చిన పరిశోధనల్లో దాన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను.

1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచింది. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్లు దాదాపు 10,000 మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బందరు వాళ్లకు అంతకుముందే 1864 ఉప్పెన ఉంది. అప్పుడు ఏకంగా 30,000 మంది పోయారంటారు. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 తర్వాత కృష్ణా డెల్టాలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1977 నుంచి 1988 దాకా ఆ ఊళ్లలో ఏం జరిగిందో చెప్పే ఆయన పుస్తకం 1992లో వచ్చింది. తుపానులో ఎవరు దెబ్బతిన్నారు అన్న దగ్గరే ఆయన ఆగలేదు. ఎవరు మళ్లీ లేచారు, ఎవరు లేవలేకపోయారు, ఎందుకు అని వెతికాడు.

ఆయన పరిశీలనల ఆధారంగా 'ఎట్ రిస్క్' అనే పుస్తకంలో ఒక పోలిక ఇచ్చారు. బ్లైకీ, కానన్, డేవిస్, విస్నర్ అనే నలుగురు రాసిన ఈ పుస్తకం 1994లో వచ్చింది. విపత్తుల గురించి చదివే విద్యార్థులు ప్రపంచమంతా ఈనాటికీ దాన్ని తిరగేస్తారు. పోలిక ఇది. రెండు ఇళ్ల మధ్య దూరం 100 మీటర్లు. ఒక ఇంట్లో ఆరు పశువులు, మూడెకరాల మంచి మాగాణి, ధాన్యం వ్యాపారం, ఒక లారీ. రెండో ఇల్లు పూరి గుడిసె. ఒక ఎద్దు, ఒక దూడ, అరెకరం నాసి భూమి, ఇంకాస్త పాలుకు చేసే చెక్క. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏడాదిలో కొంతకాలం కూలికి పోవాల్సిందే. తుపాను వస్తోందని మొదటి ఇంటివాళ్లు రేడియోలో విన్నారు. విలువైన సామాను లారీలో వేసుకుని, పిల్లాపాపలతో వెళ్లిపోయారు. రెండో ఇంటివాళ్లు వెళ్లలేదు. ఉప్పెనలో వాళ్ల చిన్నబిడ్డ కొట్టుకుపోయింది. గుడిసె పోయింది, ఎద్దూ దూడా పోయాయి.

డబ్బు లెక్కలో చూస్తే ఎక్కువ నష్టపోయింది మొదటి ఇల్లే. మూడు పశువులు చచ్చిపోయాయి, కప్పు ఎగిరిపోయింది, పంట పోయింది. ఇల్లు బాగుచేయించుకోవడానికి 6,000 రూపాయలయింది. కాని వాళ్లకు నిల్వ ఉంది. వారంలో ఇల్లు నిలబెట్టుకున్నారు, పశువుల్ని కొనుక్కున్నారు, నీరు తీయగానే దున్ని మళ్లీ నాటారు. రెండో ఇంటికి కావలసింది 100 రూపాయలు. అది లేదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లారు. ఎద్దు కొనే శక్తి లేక కొన్నాళ్లకు ఒక దూడను మాత్రం కొనగలిగారు. దుక్కికి అద్దె ఎడ్లు కావాలి. ఊరంతా అద్దె ఎడ్ల కోసమే తిరుగుతోంది. వీళ్ల వంతు వచ్చేసరికి అదను దాటిపోయింది. తుపాను వెళ్లిపోయిన ఎనిమిది నెలలకు ఆ ఇంట్లో ఆకలి మొదలైంది.

ఎనిమిది నెలలు! అప్పటికి సహాయ శిబిరాలు ఎత్తేసి ఉంటారు, పత్రికలు వేరే వార్తల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. తుపాను నష్టం అంచనా కోసం వచ్చిన ఏ బృందమూ ఈ ఆకలిని చూడదు. ఊరి సగటు తీస్తే, ఉన్నవాళ్లు మళ్లీ ఊడ్చారు కాబట్టి ఊరు కోలుకున్నట్టే. వించెస్టర్ చెప్పింది క్లుప్తంగా ఇదీ: సముద్రానికి ఎంత దూరంలో ఇల్లుందన్నది ఒక్కటే ప్రమాదాన్ని నిర్ణయించదు, ఆ ఇంటికి ఆసరా ఎంత ఉందన్నది కూడా నిర్ణయిస్తుంది. తుపాను షెల్టర్లు కట్టాలి, కట్టారు కూడా. 1990 మే 9న మళ్లీ భారీ తుపాను కృష్ణా తీరాన్ని తాకినప్పుడు ముందే లక్షలమందిని తరలించారు కాబట్టి మృతులు వెయ్యి లోపే. ప్రాణం కాపాడటం మనం నేర్చుకున్నాం. ఆ తర్వాతి ఎనిమిదో నెల గురించి మాత్రం నేర్చుకోలేదు.

ఇప్పుడు ముదినేపల్లికి వద్దాం. ఇక్కడ ఉప్పెన భయం దివిసీమలో ఉన్నంత లేదు. ఈ నేలను మార్చింది చేపల చెరువు. గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్లేవాళ్లకు రోడ్డుకు రెండు పక్కలా కనిపిస్తుంది. నీళ్లలో వరసగా కర్రలు పాతి ఉంటాయి. తవుడు, చెక్క నింపిన సంచులకు అడుగున చిల్లులు పెట్టి ఆ కర్రలకు కడతారు. చేప వచ్చి చిల్లు దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటుంది. తెల్లారేసరికి మనిషి చిన్న పడవ మీద సంచి సంచికీ తిరిగి చూసుకుంటాడు. శీలావతి, బొచ్చె ఇలా పెరిగి, పట్టుబడి రోజున ఐసు పెట్టెల్లోకి ఎక్కి, లారీల్లో కలకత్తాకీ అస్సాంకీ వెళ్తాయి.

డబ్బు వచ్చింది, కాదనలేం. వరి మక్తాతో పోలిస్తే చెరువు లీజు భూమి ఉన్నవాడికి ఎంతో ఎక్కువ. శివారు భూమిలో నీరందక, మురుగు లాగక, పంట మునిగి విసిగిపోయిన రైతు చెరువు తవ్వితే తప్పు పట్టడానికి మనమెవరం? అయితే చెరువు పక్కన మిగిలిపోయిన వరిచేను సంగతి అడగాలి. ఊట నీరు దిగి చేను ఆరదు. మినుము చల్లే అదను పోతుంది. రెండేళ్లు చూసి ఆ రైతూ తవ్వేస్తాడు. అది ఒక్కరి నిర్ణయంగా కాగితంలో కనిపిస్తుంది, నిజానికి పక్కవాడు నెట్టిన నిర్ణయం.

కూలి పని సంగతి కూడా అంతే. వరిచేను ఉంటే ఆడవాళ్లకు ఊడ్పులు, కలుపు, కోత, ఆపైన మినుము పీకడం ఉంటాయి. కోత యంత్రాలు వచ్చి అందులో కొంత ముందే పోయింది. చెరువులో ఉండేది వల లాగే పని, మేత పని, రాత్రి కాపలా. దాదాపు అన్నీ మగవాళ్ల పనులు, అదీ కొద్దిమందికి. గట్టు మీద గుడిసెలో ఉండే కాపలా కుటుంబం చాలాచోట్ల వేరే ఊరి నుంచి వచ్చినదే. దాంతో మండలం రాబడి పెరిగిన ఏడాదే ఊళ్లో ఆడకూలీల పనిరోజులు తగ్గిపోవచ్చు. రెండూ ఒకేసారి నిజం అవుతాయి. సగటు మొదటిదాన్నే చెబుతుంది.

నీళ్ల సంగతి అంతకంటే బాధాకరం. ఈ నేలలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. అందుకే వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపుకుంటారు. చేపల చెరువుల్లో వాడిన నీరు మురుగు కాలువల్లోకీ, కొన్నిచోట్ల మంచి కాలువల్లోకీ చేరుతుంది. కలిగినవాళ్లూ లేనివాళ్లూ టిన్ను నీళ్లు కొనుక్కుంటారు. కొనే ఖర్చు ఇద్దరికీ ఒక్కటే, సంపాదన ఒక్కటి కాదు. నీరు కొనుక్కోవడం కూడా జాతీయోత్పత్తిలో కలుస్తుంది కాబట్టి లెక్కల్లో అది వృద్ధే. తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టులో నడిచిన జగన్నాథ్ కేసులో, 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. ఆ కేసులో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు ఇలాంటి నష్టాలకు రూపాయల్లో ధర కట్టి చూపారు. మడ అడవులు, తాగునీరు, పొలాలు, వేట అన్నీ కలిపి చూస్తే ఆంధ్ర తీరంలో రాబడి కంటే నష్టమే ఎక్కువ తేలింది. ఇక్కడి చేపల చెరువులు, ఆ రొయ్యల చెరువులు ఒకటి కాదు. నీరి చేసిన పద్ధతిలో ఇక్కడా లెక్క కట్టాలన్నదే నేను అనేది. ఈ మండలాల పక్కనే ఉన్న కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సులోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షుల కోసం, సరస్సు కోసం లెక్కలు తీశారు. దాని అంచున ఉన్న మండలాల్లో ఇంటింటి బతుకు లెక్క కూడా అంతే శ్రద్ధగా తీయాలి.

వలస మాట కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి కృష్ణా జిల్లాలో 2001లో పట్నాల్లో ఉండేవాళ్లు నూటికి 32 మంది, 2011కి దాదాపు 41. పల్లెల్లో జనం లెక్కే తగ్గింది. అమెరికా వెళ్లినవాళ్లు పంపే డబ్బుతో బళ్లు, గుళ్లు, వాటర్ ప్లాంట్లు వచ్చాయి. గుంటూరు ప్రాంతంలో ఈ దానధర్మాలను పరిశీలించిన సనమ్ రూహీ, ఆ డబ్బు చాలావరకు కులం, బంధుత్వం దారుల్లోనే ప్రయాణిస్తుందని చూపారు. ఇచ్చేవాళ్ల మంచితనం మీద సందేహం అక్కర్లేదు. ఆ దారి కాలనీ దాకా వెళ్తోందా లేదా అన్నది మాత్రం అడిగి తెలుసుకోవలసిందే.

పంచాయతీలు ఏటా అభివృద్ధి ప్రణాళిక రాస్తాయి. దానికి ఆధారం మిషన్ అంత్యోదయ సర్వే. ఊళ్లో బడి ఉందా, రోడ్డు ఉందా, బ్యాంకు ఎంత దూరం అని ఊరి మొత్తానికి అడుగుతుంది. ఇది అవసరమే. దీనికి తోడుగా ఇంటింటికీ వేయవలసిన ప్రశ్నలు కొన్నే: నిరుడు ఇంట్లో ఆడవాళ్లకు ఎన్ని రోజులు కూలి దొరికింది, తాగునీటికి నెలకు ఎంత పోయింది, ఉన్నట్టుండి పది వేలు కావాల్సి వస్తే ఎవరి దగ్గరకు వెళ్తారు, ఏ వడ్డీకి. ఇవి అడగడానికి ప్రొఫెసర్లు రానక్కర్లేదు, డిగ్రీ చదివే ఊరి పిల్లలు చాలు. కౌలు ప్రశ్న మాత్రం వేరు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఇవ్వాలంటే యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకనంతకాలం సర్వే ఎంత బాగా చేసినా అరుగు మీద కూర్చున్న ఆమె "పొలం లేదు బాబూ" అనే అంటుంది. అందుకే గట్టు మీద పంట నమోదు చేసే సిబ్బంది సాగు చేస్తున్న మనిషి పేరునే రాసుకునేలా, దానికి యజమాని సంతకంతో పని లేకుండా చేయాలి. పంట ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇంకో మాట. రంగా పుస్తకం నుంచి వించెస్టర్ పుస్తకం దాకా నేను పైన చెప్పినవన్నీ ఇంగ్లీషులో అచ్చయ్యాయి. ఎవరి బతుకు గురించి రాశారో వాళ్లకు అవి చేరే దారి లేదు. ఇక మీదట ఈ మండలాల్లో ఏ విశ్వవిద్యాలయం సర్వే చేసినా, లెక్కలు తెలుగులో తెచ్చి గ్రామసభలో చదివి వినిపించాలన్న షరతుతోనే పంచాయతీ అనుమతి ఇవ్వాలి. తప్పు ఉంటే ఊడ్పుల పాటు తెలిసిన ఆడవాళ్లు అక్కడే దిద్దుతారు.